ఆపరేషన్ లేకుండా చెవి పొర మొలుస్తుందా? హనుమకొండలో చేయించుకున్నాక నా రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తాను, పొడుగు రివ్యూ చదివే ఓపిక అందరికీ ఉండదు. వైద్యానికి, అంటే చెవి పొరలో చిల్లుకు కోత లేకుండా వేసే అతుకుకి, 5కి 4. ఆ వైద్యాన్ని అమ్మే మాటలకు 5కి 1, ఆ ఒక్కటి కూడా బోర్డు మీద అక్షరాలు రోడ్డు అవతలి నుంచి కూడా బాగా కనిపించాయి కాబట్టి.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తి (కమిషన్ వ్యాపారం) దుకాణంలో గుమస్తాని. పోయిన ఏడాది వినాయక చవితికి నాలుగు రోజుల ముందు, పని లేక దుకాణం ముందు కుర్చీ వేసుకుని బండి తాళంతో ఎడమ చెవి గోక్కుంటున్నాను. (తాళంచెవి ఉన్నది చెవి కోసమే కదా అనే జోకు మా మార్కెట్‌లో అందరూ వేసేశారు, మీరు కొత్తగా వేయక్కర్లేదు.) బస్తా మోస్తూ పోతున్న హమాలీ భుజం నా మోచేతికి తగిలింది. తప్పు అతనిది కాదు, నడిచే దారిలో కుర్చీ వేసింది నేనే. చెవిలో పటాకీ పేలినట్టయింది, ఆ తర్వాత ఈల, ఆ తర్వాత ప్రపంచం మొత్తం పక్క గదిలోకి వెళ్లిపోయినట్టు అనిపించింది. రెండు చుక్కల రక్తం. అంతే.

ఆ రోజు చూపించుకున్న డాక్టర్ చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైన మాట. కర్ణభేరికి చిన్న చిల్లు పడింది, దెబ్బతో పడిన చిల్లులు చాలావరకు వాటంతట అవే మూడు నెలల లోపు మూసుకుంటాయి, చెవిలోకి నీళ్లు పోనివ్వకు, ఏమీ పోయకు, ఓపిక పట్టు అన్నాడు. నీళ్లు పోనివ్వలేదు, కానీ నూనె పోశాను. మా అమ్మ "గింత ఎల్లిగడ్డ నూనె పోసుకుంటే వారంల తగ్గుతది గదరా, డాక్టర్లకేం ఎరుక" అని గిన్నెలో కాచి తెచ్చింది. నలభై ఒక్క ఏళ్లు వచ్చినా అమ్మ గిన్నె పట్టుకొచ్చి నిలబడితే వద్దనలేం. దసరా దాటేసరికి చెవిలో దురద, వాసన, తర్వాత చీము. మెడికల్ షాపులో అడిగితే ఒక డ్రాప్స్ సీసా ఇచ్చారు, అదీ వేసుకున్నాను. పొరకు చిల్లు ఉన్నప్పుడు జెంటామైసిన్ లాంటి కొన్ని చుక్కల మందులు లోపలి చెవిలోకి దిగి వినికిడినే దెబ్బ తీయగలవని తర్వాత తెలిసింది. నా సీసాలో ఏముందో ఇప్పటికీ తెలీదు, పారేశాను. తలుచుకుంటే భయం వేస్తుంది.

అట్లా దెబ్బతో పడి దానంతటదే మానాల్సిన చిల్లు నా పుణ్యాన పర్మినెంట్ అయిపోయింది.

దీనివల్ల ఇబ్బంది ఏమిటంటే, చిన్న చిల్లుకి చెవుడు రాదు, కానీ బొంగురు గొంతులు, లోగొంతు మాటలు పట్టుబడవు. మా సేటుది సరిగ్గా అలాంటి గొంతే. ఒక రోజు జెండా పాట (మిర్చి వేలం) దగ్గర నిలబడి, పదహారు వేల ఆరు వందలు అని ఆయన అన్నది నాకు పదహారు వేల నూరు అని వినపడింది, అదే రాసుకున్నాను. కాంటా దగ్గర రైతు ముందు పరువు పోయింది. ఆ రాత్రే ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను, ఒకసారి వెతికితే తెలుసు కదా, ఆ తర్వాత ఫోన్ తెరిస్తే చాలు చెవుల ప్రకటనలే.

అట్లా వెళ్లిన మొదటి సెంటర్ పేరూ వీధీ చెప్పను. "ఆపరేషన్ లేదు, కోత లేదు, మీ కర్ణభేరి మళ్లీ పెరుగుతుంది" అని పెద్ద బోర్డు. చెవిలో లైటు వేసి అర నిమిషం చూశారు, చీము ఉందో లేదో కూడా చెప్పలేదు, వినికిడి పరీక్ష ఊసే లేదు. అక్కడి నుంచి ఒక ఏసీ గదిలో కూర్చోబెట్టి, లామినేషన్ చేసిన కాగితం ముందు పెట్టి ఒక అబ్బాయి మొదలుపెట్టాడు. జపాన్ టెక్నాలజీ సార్, స్టెమ్ సెల్ సార్, 45 వేలు సార్, ఇవాళ సగం కడితే 40కే సార్. వేసే మందు పేరేంటని అడిగితే అది కంపెనీ సీక్రెట్ అన్నాడు. మనిషి ఒంట్లోకి పోయే మందు సీక్రెట్ ఏంది తమ్మీ అని అడగాలనిపించింది, అడగలేదు. చివరికి ఒక్కటే అడిగాను, చేయించుకున్నాక డ్యూటీకి ఎప్పుడు పోవచ్చని. "రేపే పోవచ్చు సార్" అన్నాడు.

నన్ను కాపాడింది ఆ జవాబే. నేనేం పని చేస్తానో అతను అడగలేదు. మిర్చి యార్డ్‌లో సీజన్‌లో ఒక్క గంట నిలబడి చూడండి, తుమ్మకుండా ఉంటే నేను మీకు బిర్యానీ తినిపిస్తా. చెవిలో పల్చటి పొర అతికించుకున్న మనిషి మర్నాడే వెళ్లి రోజుకు వంద తుమ్ములు తుమ్మితే ఆ పొర ఏం నిలుస్తుంది? పెద్దగా చదువుకోని నాకే వచ్చిన అనుమానం వాళ్లకు రాలేదు. రిజిస్ట్రేషన్ అని ముందే తీసుకున్న 5 వేలు ఇవాళ్టికీ తిరిగి రాలేదు, అడిగితే నాన్ రీఫండబుల్ అని రసీదు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉందట.

ఇంటికొచ్చి ఆ "జపాన్" ఏంటో చదివాను. విచిత్రం ఏంటంటే అది అబద్ధం కాదు, నిజంగానే ఉంది. ఒసాకాలో కితానో హాస్పిటల్ అని ఉంది, అక్కడ కనెమారు షిన్‌ఇచి అనే చెవి డాక్టర్ ఏళ్ల తరబడి ఈ పని మీదే కూర్చున్నాడు. ఆయన వాడింది స్టెమ్ సెల్స్ కాదు. మన ఒంట్లో గాయం మానేటప్పుడు కణాలను పెరగమని చెప్పే ఒక ప్రోటీన్ ఉంటుంది, దాన్ని ఫ్యాక్టరీలో తయారు చేసిన రూపం పేరు ట్రఫెర్మిన్. అదే మందును జపాన్‌లో 2001 నుంచి మంచం పట్టినవాళ్ల వీపు పుండ్ల మీద స్ప్రేగా కొడుతున్నారు. ఈయన చేసింది దాన్ని జెలటిన్ స్పాంజికి పట్టించి చెవి చిల్లులో పెట్టి, పైన ఫిబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రోటీన్) జిగురుతో సీలు వేయడం. అక్కడి ప్రభుత్వం 2019లో దీనికి అనుమతి ఇచ్చింది, రెటింపా అనే పేరుతో వస్తుంది, అక్కడి ఇన్సూరెన్స్‌లో కూడా చేర్చారు. అనుమతి కోసం చేసిన ట్రయల్‌లో 20 మందికి వేస్తే 15 మందికి చిల్లు మూసుకుంది. అంటే కనిపెట్టిన వాళ్ల చేతుల్లోనే నలుగురిలో ఒకరికి మూసుకోలేదు, వాళ్లు ఆ సంగతి దాచుకోలేదు. మన బోర్డు మీద మాత్రం గ్యారంటీ.

ఇంతకీ నేను చేయించుకున్నది ఇంకో డాక్టర్ దగ్గర, హనుమకొండలోనే, ఒక మెడికల్ షాపు పైన రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మా దుకాణానికి వచ్చే ఒక రైతు తన బిడ్డకు అక్కడ చూపించానంటే వెళ్లాను. ప్రకటనలు లేవు, బోర్డు మీద డిగ్రీలు తప్ప ఇంకేం లేదు.

ఆయన మైక్రోస్కోప్‌లో పెట్టి చూసి, అదే టీవీ తెర మీద నాకూ చూపించాడు. సొంత చెవిలోపల చూసుకోవడం అదే మొదటిసారి. తడిసిన న్యూస్ పేపర్ ముద్దలా ఏదో ఉంది, మధ్యమధ్యలో నల్లటి చుక్కలు. "ఇది బూజు, నూనె ఏమైనా పోశారా?" అన్నాడు. అమ్మ పక్కనే ఉంది. నేను మాట్లాడలేదు, అమ్మా మాట్లాడలేదు. ఆయనకు అర్థమై నవ్వి వదిలేశాడు, మా అమ్మను ఒక్క మాట అనలేదు, ఆ ఒక్క విషయానికే సగం మార్కులు ఇచ్చేయొచ్చు.

మొదటి రోజు ఆయన చిల్లు సంగతే ఎత్తలేదు. బూజు కడగకుండా పీల్చే గొట్టంతో తీశాడు, మందు రాశాడు, వారానికి మళ్లీ రమ్మన్నాడు, మళ్లీ శుభ్రం చేశాడు. చెవి ఆరి కనీసం కొన్ని వారాలు పొడిగా ఉంటేనే తర్వాతి మాట అన్నాడు. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి చెవి వెనక ఎముక మీద పెట్టి, తర్వాత చెవి ముందు పెట్టి, ఎక్కడ గట్టిగా వినిపిస్తోందని అడిగాడు. ఎముక మీద పెట్టినప్పుడే గట్టిగా వినిపించింది, అంటే నరం బాగానే ఉంది, దారిలోనే అడ్డం ఉంది అని అర్థమట. తర్వాత ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష), 32 డెసిబెల్స్ వచ్చింది. 20 దాకా మామూలు అనుకుంటే నాది కొంచెం పోయినట్టు లెక్క.

ఆ తర్వాతే అడిగాడు, మీరేం పని చేస్తారు అని. మిర్చి మార్కెట్ అనగానే పెన్ను కింద పెట్టేశాడు. "అయితే ఇప్పుడు వద్దు. సీజన్ అయిపోయాక రండి, రెండు మూడు వారాలు సెలవు పెట్టుకుని రండి" అన్నాడు. అప్పుడు జనవరి, సీజన్ ఎక్కుతోంది. చేతికొచ్చిన పేషెంటును ఆర్నెల్ల తర్వాత రమ్మనే డాక్టర్‌ను నేను ఇంతకుముందు చూడలేదు.

చిల్లు ఎందుకు మూసుకోలేదో ఆయన చెప్పిన తీరు బాగుంది. కర్ణభేరి సెంటీమీటరు వెడల్పు ఉంటుంది, మందం మిల్లీమీటరులో పదో వంతు. అంత పల్చని దాంట్లోనూ మూడు వరసలు, బయట చర్మం, మధ్యలో నారలాంటి పొర, లోపల తడి పొర. చిల్లు పాతబడితే బయటి చర్మం లోపలికి పాకి లోపలి పొరతో కలిసి అంచు కట్టేస్తుంది. అంచు మానింది, కాబట్టి ఒళ్లు పని అయిపోయిందనుకుని ఊరుకుంటుంది. నాకు వెంటనే మా కొత్తవాడ దర్రీలు (నేత జంపఖానాలు) గుర్తొచ్చాయి. నేత అయిపోయి అంచు ముడులు వేశాక ఇక ఆ దర్రీ పెరగదు కదా, ముడులు విప్పి పడుగు ఖాళీగా ఉంటేనే మళ్లీ పేక పడుతుంది. ఈ వైద్యం చేసేదీ అదే: ముందు ఆ అంచును సన్నటి పనిముట్టుతో గీకి మళ్లీ పచ్చి గాయం చేయడం, తర్వాత కణాలు పాకడానికి ఏదో ఒక ఆధారం అందించడం. ఇందులో అంచు గీకడం తప్పనిసరి.

"జపాన్ మందు నా దగ్గర లేదు, నేను వేసేది మీ రక్తమే" అని ముందే చెప్పేశాడు. దీన్ని పీఆర్ఎఫ్ అంటారట. జబ్బలోంచి ఒక 10 ఎంఎల్ రక్తం తీసి, గడ్డకట్టకుండా ఆపే మందు ఏదీ కలపకుండా వెంటనే గిర్రున తిప్పే మిషన్‌లో పెడతారు. పది పన్నెండు నిమిషాల తర్వాత ట్యూబ్‌లో కింద ఎర్రగా, పైన నీళ్లలా, మధ్యలో పసుపు జున్నులాంటి ముద్ద కనిపిస్తుంది. ఆ ముద్దలో ప్లేట్‌లెట్లు, ఫిబ్రిన్ ఉంటాయి, గాయం మానడానికి ఒళ్లు వాడే సరుకంతా అందులోనే. దాన్ని నొక్కితే పల్చటి తునక అవుతుంది. అదే నా చెవికి అతుకు.

జూన్‌లో చేయించుకున్నాను. తిమ్మిరి మందులో తడిపిన దూది కాసేపు చెవిలో పెట్టారు. ఆ మందు చల్లగా లోపల తగలగానే తల గిర్రున తిరిగింది, మేడారం జాతరలో రంగులరాట్నం ఎక్కినట్టు, పక్కనున్న నర్సు చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. (అక్కా, సారీ.) రెండు మూడు నిమిషాల్లో తగ్గింది, కానీ ఇది వస్తుందని ముందే చెప్పి ఉంటే అంత టెన్షన్ పడేవాణ్ని కాదు, ఇక్కడొక అర మార్కు కట్. అంచు గీకేటప్పుడు నొప్పి పెద్దగా లేదు, శబ్దమే భయంకరం, రేకు డబ్బాను లోపలి నుంచి ఎలుక గీరుతున్నట్టు. అతుకు పెట్టి, కింద పైన జెలటిన్ స్పాంజి ముక్కలు సర్ది, దూది పెట్టారు. పడుకుని లేచేవరకు మొత్తం ముప్పావుగంట. కుట్లు లేవు, కట్టు లేదు, బండి నడపొద్దన్నారు కాబట్టి ఆటోలో ఇంటికొచ్చాను.

తర్వాతి మూడు వారాలే అసలు కష్టం. ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే ఆపకూడదు, నోరు బార్లా తెరిచి తుమ్మాలి. బరువులెత్తకూడదు. స్నానం అంటే వ్యాసిలిన్ రాసిన దూది చెవిలో పెట్టుకుని, మెడ కిందినుంచే మగ్గుతో జాగ్రత్తగా. ఇంట్లో పోపు వేసేటప్పుడు నన్ను బయటి అరుగు మీద కూర్చోబెట్టేవాళ్లు. ఎల్లిగడ్డ నూనె గిన్నెను మా ఆవిడ దాచేసింది, ఎక్కడ దాచిందో అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

మూడు వారాలకు తెర మీద చూస్తే చిల్లు చాలావరకు మూసుకుంది, కానీ పూర్తిగా కాదు. ఆరో వారానికి కూడా సూది మొనంత మిగిలింది. నాకు నీరసం వచ్చింది. ఆయన మాత్రం ఏమీ జరగనట్టు, ఆ అంచుకు ఒక ఆమ్లం చుక్కలో ముంచిన పుల్ల తాకించి, చిన్న అతుకు ఇంకొకటి వేశాడు. దీనికి సామాన్ల ఖర్చు తప్ప ఫీజు తీసుకోలేదు. మళ్లీ మూడు వారాలు నోరు తెరుచుకుని తుమ్మడం. సెప్టెంబర్‌లో చూస్తే మూసుకుంది. ఆడియోగ్రామ్ 18. సేటు గొంతు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది, అది లాభమో నష్టమో అనేది వేరే సంగతి.

ఖర్చు లెక్క: మొదటి రెండుసార్లు శుభ్రం చేయడం, మందులు, ఆడియోగ్రామ్‌లు అన్నీ కలిపి 4 వేల పైచిలుకు, అతుకు 14 వేలు, రెండో అతుకు సామాన్లకు 2,500. జీతం లేని సెలవు రోజులు ఇందులో కలపలేదు. అవతలి సెంటర్ వాళ్లు 45 వేలకు ఏం వేసేవాళ్లో దేవుడికే తెలియాలి.

ఇది అందరికీ పనిచేస్తుందని మాత్రం దయచేసి అనుకోకండి. నాది పొరలో అయిదో వంతు చిల్లు, దెబ్బతో పడింది, లోపల ఎముకలు బాగున్నాయి. నాది మూసుకున్నాక ఉత్సాహంగా మా బామ్మర్దిని కూడా తీసుకెళ్లాను. వాడికి చిన్నప్పటి నుంచి చెవి కారుతుంది, పొర దాదాపు లేదు. డాక్టర్ చూసి నీకు ఇది కుదరదు అని రెండు నిమిషాల్లో తేల్చేశాడు. అంత పెద్ద చిల్లుకు పాత పద్ధతే, చెవి పైన కండరం మీద ఉండే పల్చటి పొర తీసి లోపల వేసే టింపానోప్లాస్టీ ఆపరేషన్. పైగా పొర అంచున చర్మం లోపలికి పోయి పేరుకుంటే అది ఎముకను తినేస్తుందట, అలాంటి చెవికి పైన అతుకు వేసి మూసేస్తే దొంగను లోపల పెట్టి తాళం వేసినట్టే. అందుకని స్కాన్ తీయించమన్నాడు. డబ్బులు లేకపోతే ఇక్కడే ఎంజీఎం సర్కారు దవాఖానలో ఈఎన్‌టీ (చెవి ముక్కు గొంతు) విభాగం ఉంది, హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ దవాఖాన ఉంది, ఆరోగ్యశ్రీ కౌంటర్లో అడిగి చూడు అని ఆయనే చెప్పి పంపాడు, ఫీజు కూడా తీసుకోలేదు. వాడు మాత్రం ఇంకా భయపడుతూ వాయిదాలు వేస్తున్నాడు.

నా చెవి కూడా పూర్తిగా కొత్తదైపోలేదు. కొత్తగా వచ్చిన చోట పొర సన్నటి ప్లాస్టిక్ కవర్‌లా పల్చగా ఉంది, తెర మీద తేడా కనిపిస్తుంది. మధ్యలో ఉండే నార పొర ముందున్నంత గట్టిగా రాకపోవచ్చట, కాబట్టి బలంగా ముక్కు చీదడం, బావుల్లో దూకడం బంద్. జలుబు చేసినప్పుడు లోపల బిర్రుగా అనిపిస్తుంది. ఈ మాత్రానికి "మళ్లీ పెరుగుతుంది" అని చెప్పడం తప్పు కాదు, కానీ కత్తిరించిన గోరు పెరిగినట్టు పెరుగుతుందని జనం అనుకునేలా చెప్పడం తప్పు.

నాకు అతుకు వేసిన డాక్టర్ క్లినిక్ మీద నా ఫిర్యాదులు: అపాయింట్‌మెంట్ ఆరింటికి ఇస్తే లోపలికి పిలిచేది ఎనిమిదికి, ఫోన్ ఎత్తరు, కూర్చోవడానికి ఉన్న ఎనిమిది కుర్చీల్లో రెండు విరిగినవి, చెవి సరిగ్గా వినపడని వాళ్లు వచ్చే చోట పేషెంట్ల పేర్లు లోగొంతుతో పిలుస్తారు, రెండుసార్లు నా వంతు అట్లాగే దాటిపోయింది. బండి పార్కింగ్ లేదు, పక్క సందులో పెట్టుకోవాలి. బుధవారం సాయంత్రం మాత్రం వెళ్లకండి, ఆడియోగ్రామ్ తీసే అమ్మాయి ఆ రోజు రాదు, దాని కోసం మళ్లీ రెండు అంతస్తులు ఎక్కాలి.